మట్టిని ఏ గడిలో రాయాలి?

సంపాదకులకు నమస్కారం.

విద్యార్థుల పేజీలో ఆవరణ వ్యవస్థల మీద మీరు వేసిన పాఠం రెండుసార్లు చదివాను. బొమ్మలు బాగున్నాయి, భాష తేలిగ్గా ఉంది. నా పేచీ అంతా ఆ పట్టికతోనే. ఎడమ గడిలో జీవ కారకాలు: మొక్కలు, జంతువులు, సూక్ష్మజీవులు. కుడి గడిలో నిర్జీవ కారకాలు: ఎండ, నీరు, గాలి, ఉష్ణోగ్రత, మట్టి. 31 ఏళ్ళు బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఏటా ఇదే పట్టిక నేనూ బోర్డు మీద గీశాను. అందుకే తప్పు మీ ఒక్కరిదే అనడం లేదు.

ఒకసారి పరీక్షలో ఓ అబ్బాయి మట్టిని రెండు గడుల్లోనూ రాశాడు. తడబడి ఉంటాడనుకుని ఎడమవైపు ఉన్న ‘మట్టి’ని ఎర్ర సిరాతో కొట్టేశాను. పేపర్లు ఇచ్చిన రోజు వాడు టేబుల్ దగ్గరికొచ్చి, “వానపాములూ కుళ్ళిన ఆకులూ అన్నీ తీసేస్తే అది ఇంక మట్టేనా టీచర్?” అని అడిగాడు. “పుస్తకంలో ఎలా ఉందో అలా రాయి” అన్నాను. ఈలోగా గంట కొట్టారు, వాడు పేపరు మడుచుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆ గదిలో సైన్సు మాట్లాడింది వాడొక్కడే.

మంచి మట్టిలో సుమారు 45 శాతం ఖనిజాలు. సగం దాకా నీరూ గాలీ. మిగిలిన 5 శాతమే కుళ్ళిన ఆకులు, వేళ్ళు, వాటిని తినే ప్రాణులు. ఆ 5 శాతం తీసేస్తే చేతిలో మిగిలేది రాతిపొడి. వాడు అడిగింది సరిగ్గా ఇదే.

రాతిపొడి మట్టిగా మారడాన్ని మనుషులు మొదటి రోజు నుంచీ దగ్గరుండి చూసిన చోటు ఒకటుంది. 1963 నవంబర్‌లో ఐస్‌లాండ్‌కు దక్షిణాన సముద్రగర్భంలో అగ్నిపర్వతం బద్దలై, నీళ్ళలోంచి ఒక కొత్త దీవి లేచింది. పేరు సర్ట్సీ. 1967 దాకా లావా వస్తూనే ఉంది. శాస్త్రవేత్తలు తప్ప మామూలు జనం అక్కడ అడుగుపెట్టకుండా కట్టడి చేశారు. 1965లోనే తీరాన మొదటి పూలమొక్క కనబడింది, ఆవాల కుటుంబానిదే. ఎండకు లోటు లేదు, వానకు లోటు లేదు, గాలి సరేసరి. మన పట్టికలో కుడి గడి దాదాపు నిండినట్టే. అయినా ఇరవై ఏళ్ళ పాటు మొక్కల సంసారం నత్తనడకే. అక్కడి రాతికీ బూడిదకూ నత్రజని కరువు మరి.

1980ల నడుమ సముద్రపు కాకులు (సీగల్ పక్షులు) వచ్చి దీవికి దక్షిణాన గూళ్ళు కట్టుకున్నాయి. తిన్నది సముద్రంలో, రెట్ట వేసింది రాయి మీద. చేపల్లోని నత్రజని అలా గట్టెక్కింది. విత్తనాలూ కొన్ని వాటి వెంటే వచ్చాయి. గూళ్ళున్న మేర పచ్చిక కమ్మేసింది, పురుగులు చేరాయి, వాటి కోసం ఇంకొన్ని పక్షులు. ఆ పక్షులు దిగని పక్కనున్న లావా మీద మాత్రం ఇప్పటికీ అక్కడొక మొక్క, ఇక్కడొక మొక్క. దీవి ఒకటే, పడే వాన ఒకటే. ఇక ఆ రెట్టను ఏ గడిలో రాయమంటారు?

నిప్పు సంగతీ అంతే. కార్చిచ్చును మనం నిర్జీవ కారకం అంటాం. ఆఫ్రికాలోని సెరెంగెటిలో 1960ల మొదట్లో సుమారు రెండున్నర లక్షల వైల్డ్‌బీస్ట్‌లు (మందలుగా గడ్డి మేసే అడవి జంతువులు) ఉండేవి. చుట్టుపక్కల పశువులకు టీకాలు వేయడంతో, వాటి నుంచి వైల్డ్‌బీస్ట్‌లకు సోకే రిండర్‌పెస్ట్ అనే వైరస్ జబ్బు తగ్గింది. 1970లు ముగిసేసరికి వైల్డ్‌బీస్ట్‌ల సంఖ్య 12 లక్షలు దాటింది. అన్ని నోళ్ళు మేశాక ఎండుగడ్డి ఏం మిగులుతుంది? మంటలు తగ్గాయి, కాలిపోవలసిన చెట్ల పిల్లలు బతికి పెద్దవయ్యాయి. టీకా వేసింది ఆవుకి, పెరిగింది చెట్టు. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క క్లాసులోనూ ఇది చెప్పలేదే అని ఇప్పటికీ బాధ.

అలాగని అంతా జీవులే నడిపిస్తాయనడం లేదు. ఎక్కడ అడవి రావాలి, ఎక్కడ గడ్డిభూమి, ఎక్కడ ఎడారి అన్నదానికి సరిహద్దు గీసేది ప్రధానంగా వాన, ఉష్ణోగ్రతలే. ఆ రెండు అంకెలూ చెబితే అది ఏ బయోమో, అంటే అడవి, గడ్డిభూమి, ఎడారి లాంటి వాటిలో ఏ రకమో, చాలావరకు ఊహించొచ్చు. కాకపోతే అమెజాన్ లాంటి చోట ఆ వానలోనూ కొంత వాటా చెట్లదే. వేళ్ళు తాగిన నీరు ఆకుల నుంచి ఆవిరై, మేఘమై, మళ్ళీ అడవి మీదే కురుస్తుంది.

ఈసారి ఆ పట్టిక వేస్తే మట్టిని రెండు గడులకూ నడుమ గీత మీద రాయండి. రెండు వైపులా బాణం గుర్తులు పెట్టండి. చోటు చాలకపోతే ఏనుగు బొమ్మ కాస్త చిన్నది చేయండి, ఏమీ అనుకోదు.

పిల్లల కోసం ఒక ప్రశ్న కూడా పంపుతున్నాను: టండ్రాలో, అంటే ఉత్తర ధ్రువం వైపున చెట్లు లేని చలినేలల్లో, ఏడాదికి పడే వాన, మంచు అంతా కలిపినా చాలా చోట్ల 25 సెంటీమీటర్లకు మించదు. ఎడారి లెక్కా అంతే. మరి ఎండాకాలంలో టండ్రా నిండా బురదా చిత్తడీ ఎందుకు?

జవాబు మీ కోసం. చలికి నీరు ఆవిరయ్యేది తక్కువ. కింద ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేల నీటిని లోపలికి ఇంకనివ్వదు. పైన పరుచుకున్న నాచు ఆ నేలకు దుప్పటిలా పనిచేసి, ఎండకు కరగకుండా కొంత కాపాడుతుంది. అక్కడా రెండు గడులూ కలిసిపోయాయి చూశారా!

దీన్ని అదే పేజీ అడుగున తలకిందులుగా అచ్చువేయకండి. ఒక వారం ఆగండి. ‘చలి’ అని ఒక్క మాట రాసి పంపినవాళ్ళకు కూడా సగం మార్కులు ఇవ్వండి. నాచు దాకా వెళ్ళినవాళ్ళ పేపరు మీద మాత్రం ఎర్ర సిరా పడనివ్వకండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జీవశాస్త్రం టీచరు