గుంట ఎలా ఏడుస్తుంది?

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల బెంగళూరు నుంచి మనవరాలు ఫోన్ చేసి, "తాతయ్యా, గుంట ఎలా ఏడుస్తుంది?" అని అడిగింది. మన ఉత్తరాంధ్ర కథ ఏదో చదువుతోందట. ఫోన్‌లో అర్థం చూస్తే గొయ్యి, చిన్న చెరువు అని వచ్చిందట. మా వైపు గుంట అంటే ఆడపిల్ల, గుంటడంటే మగపిల్లాడు అని చెప్పాను. ఇద్దరం నవ్వుకున్నాం గానీ, ఫోన్ పెట్టేశాక మనసు చివుక్కుమంది. దాని నాయనమ్మను పిల్లలు పుట్టాక కూడా పుట్టింట్లో "ఒలే గుంటా" అనే పిలిచేవారు.

నేను పోర్టులో చేసి రిటైరయ్యాను. శుక్లాల ఆపరేషన్ అయ్యాక అబ్బాయి ఈ-రీడర్ కొనిచ్చాడు. పొద్దున్నే బీచ్ రోడ్డులో నడిచి, బెంచీ మీద కూర్చుని చదువుతాను. ఇంగ్లిషు పుస్తకమైతే తెలియని మాట మీద వేలు నొక్కిపెడితే చాలు, అర్థం అక్కడే వస్తుంది. 'వెంట్' అని నొక్కినా అది 'గో'కి భూతకాలమని చెబుతుంది. స్కూల్లో బద్ధకించి వదిలేసిన మాటలన్నీ ఈ వయసులో నేర్చుకుంటున్నాను.

తెలుగుకి ఆ భాగ్యం లేదు. నేను దింపుకున్నవాటిలో చాలావరకు పేజీలకు తీసిన ఫోటోలే. అక్షరం పెద్దది చేస్తే సగం పేజీ తెర బయటికి పోతుంది, వేలు నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. సరిగ్గా టైపు చేసిన పుస్తకంలో ఇంకో చిక్కు. "నూతిలోంచి" అని వెతికితే దొరకదు, నిఘంటువులో ఉండేది "నుయ్యి". "ఊళ్ళోంచి" అన్నా అంతే, "ఊరు" దగ్గరికి మనమే వెళ్ళాలి. బావి తప్ప నుయ్యి ఎరగని పిల్లలకు ఆ దారి ఎలా తెలుస్తుంది?

నిఘంటువులకేం కరువు లేదు. బ్రౌన్ దొర 1852లోనే అచ్చువేయించాడు. ఆంధ్రభారతి సైటులో బ్రౌన్, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు ఒకేచోట వెతుక్కోవచ్చు. కాకపోతే చదువుతున్నది ఆపి, ఫోన్ తీసి, కళ్ళజోడు సర్దుకుని టైపు చేసేలోపు కథ చల్లారిపోతుంది.

ప్రచురణకర్తలకు నా మనవి ఒకటే. ఈ-బుక్ అంటే ఫోటోలు కాదు, అక్షరాలివ్వండి. మన వైపు కథలైతే చివర రెండు పేజీలు మాటలకు అర్థాలు కూడా వేయండి. మీ పత్రిక విశాఖ పేజీలో వారానికి పది మాటలకు చోటిస్తే మొదటి పదీ నేనే పంపుతాను. 'గుంట' ఎలాగూ ఉంది. మిగతా తొమ్మిదికీ మా అప్పకి ఫోన్ చెయ్యాలి.

– ఒక రిటైర్డ్ పోర్టు ఉద్యోగి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం