ఆ అక్కతో, అన్నతో కూడా ఎవరైనా మాట్లాడాలి

సంపాదకుడు గారికి నమస్కారములు.

ఏటా డిసెంబరు 3న దివ్యాంగుల దినోత్సవం పేరిట పిల్లలకు ఆటల పోటీలు, తల్లిదండ్రులకు అవగాహన సభలు జరుగుతాయి గానీ, ఆ పిల్లవాడిని చేయి పట్టుకుని తీసుకొచ్చిన అక్కనో అన్ననో పలకరించేవారు ఉండరు. అలాంటి అక్కల్లో నేనూ ఒకదాన్ని.

మా తమ్ముడికి పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడులోని లోపం వల్ల కండరాలు అదుపులో ఉండని స్థితి. మాట ముద్దగా వస్తుంది, చొంగ కారుతుంది. పెళ్ళిళ్ళలో వాడి పక్కన కూర్చుని మూతి తుడవడం నా పని. తుడిచే ముందు ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూడడం నా అలవాటు. ఎనిమిదో తరగతిలో స్నేహితురాళ్ళు ఇంటికొచ్చిన రోజున వాడిని వెనక గదిలో టీవీ ముందు కూర్చోబెట్టి తలుపు దగ్గరగా వేశాను. లోపలి నుంచి వాడు పిలుస్తుంటే, ఎవరని అడిగిన పిల్లతో పక్కింటి అబ్బాయని చెప్పాను. అమ్మ విన్నది, ఏమీ అనలేదు.

ఆ బెరుకును పోగొట్టింది ఎవరి ఉపదేశమూ కాదు. వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రం కోసం ఆసుపత్రి వరండాలో పొద్దుటి నుంచి పడిగాపులు పడుతుండగా, అన్నను వెంటబెట్టుకొచ్చిన నా ఈడు అమ్మాయి ఒకతె, 'మా అన్న పుణ్యమా అని బస్సులో నాకూ సీటు దొరుకుతుంది' అని నవ్వింది. నేనూ నవ్వాను. 'ఏమైంది వీడికి?' అని అడిగేవారికి 'మాట నెమ్మదిగా వస్తుంది, వాడినే అడగండి' అని చెప్పడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాలను 7 రకాల నుంచి 21కి పెంచింది. నలుగురిలో కావాలని అవమానిస్తే 6 నెలల నుంచి 5 ఏళ్ళ వరకు జైలంది. పెళ్ళి పందిట్లోని జాలిచూపులకు మాత్రం ఏ సెక్షనూ వర్తించదు. (వికలాంగులు, దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అంటూ పేర్లు మారినంత వేగంగా ఆ చూపులు మారలేదు.) 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కింద, కలెక్టరు ఉండే స్థానిక కమిటీ ముందు మా తమ్ముడి సంరక్షకత్వానికి రేపు దరఖాస్తు పెట్టుకోవలసింది నేనే. అందుకు నన్ను చిన్ననాడే సిద్ధం చేయాలని ఏ పథకానికీ తోచలేదు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రాలలో ఫిజియోథెరపీ జరిగే రోజునే, వెంట వచ్చిన తోబుట్టువులను నెలకొకసారి పక్క గదిలో కూర్చోబెట్టి, పెద్దవాళ్ళు లేకుండా గంటసేపు మాట్లాడుకోనిచ్చే ఏర్పాటు చేయవలసిందిగా విద్యాశాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, తెనాలి