నీ కథల మహామంత్రికి దస్తరం ఏది బిడ్డా

బిడ్డా,

నువ్వు పంపిన కథ భాగాలన్ని సదివిన. ఫోన్ల అక్షరాలు చిన్నగ కనవడుతున్నయని క్లాక్‌టవర్ కాడ జిరాక్స్ షాపుల ప్రింట్ తీపిచ్చుకోని మరీ సదివిన, మీ అమ్మకు గూడ పైకి సదివి ఇనిపిచ్చిన. సామ్రాజ్యం మంచిగ కట్టినవ్. ఆ నది, ఆ ఏడు సీమలు, తండ్రి చచ్చిపోతే గద్దెనెక్కిన పన్నెండేండ్ల పిలగాడు, అన్ని కండ్ల ముందటున్నట్లే ఉన్నయ్. కాని మహామంత్రి కాడికొచ్చేసరికి కథ ఆగినట్లయింది నాకు. గద్దె యెనక నిలవడ్డడు, చెవుల గుసగుసలాడిండు, పాలల్ల ఇసం కలిపిచ్చిండు, ఇంకేం జేసిండు బిడ్డా ఆయన? అంత పెద్ద రాజ్యం నడిపేటోడు పొద్దుగాల లేసి యాడికి పోతడు, ఎవరొచ్చి ఏ కాయితం ముందట పెడ్తరు, దేని మీద ముద్రేస్తడు, దేని మీద ఎయ్యకుంట పక్కకు పెడ్తడు, ఒక్క ముక్క లేదు. ఫోన్ల చెప్తె సగం ఇని సరే నాయినా అంటవ్, అందుకే కూసోని రాస్తున్న.

నేను తహసీల్ ఆఫీసుల ఉద్యోగం చేసినోన్ని, పహాణీలు, అంటె ఊరి భూముల లెక్కలు, రాసినోన్ని, కాబట్టి అధికారం అంటె నా కండ్లకు ముందు కాయితమే కనవడుతది. మంత్రి బలం గుసగుసల ఉండదు. ముద్ర ఎవరి చేతిలున్నది, ఖజానా తాళం ఎవరి కాడున్నది, సిపాయిల జీతాల పట్టీ ఎవరు రాస్తరు, ఈ మూడింట్లనే ఉంటది. మన పానగల్ ఉదయసముద్రం చూసినవ్ గదా, చెరువు ఎంత నిండినా తూము కాడ నీరటి ఇడిస్తెనే మడి తడుస్తది. రాజు చెరువైతె మంత్రి ఆ నీరటి. అయితె ఇంకోటి గూడ యాదికుంచుకో, ఆ నీళ్లల్ల ఒక్క చుక్క గూడ నీరటిది గాదు. మంత్రి బతుకంత ఈ రెండింటి నడుమనే ఉంటది, నీ కథకు పట్టు దొరికేది గూడ ఆడనే అని నేను నమ్ముతున్న.

సాలార్‌జంగ్ సంగతే తీస్కో. మ్యూజియంల గడియారం చూసి వచ్చుడు గాదు, ఆ ఇంటి మొదటి సాలార్‌జంగ్ ఏం జేసిండో తెలుసుకోవాలె. 1853ల ఆయన హైదరాబాద్ దివాన్, అంటె నిజాంకు మహామంత్రి, అయినప్పుడు వయసు ఇరవై నాలుగు. నిజాం సర్కారు అప్పుల్ల మునిగి ఉన్నది, అదే ఏడు నిజాం చేతిలున్న బేరార్ సీమ ఇంగ్లీషోళ్ల చేతికి పోయింది. సిపాయిలకు జీతాలియ్యలేక సర్కారు అరబ్బు సిపాయిల పెద్దలు జమేదార్లకు తాలూకాలకు తాలూకాలే కుదవ పెట్టింది. అంటె ఊర్లల్ల పన్ను వసూలు చేస్తున్నది సర్కారు గాదు, సర్కారుకు అప్పిచ్చినోడు! మిగిలిన కాడ గుత్తేదార్లు, ఇంత కడ్తనని హైదరాబాద్ల ఒప్పుకోని ఊర్ల మీద వడి దానికి ఎన్నో ఇంతలు గుంజుకునేటోళ్లు. ఆ యువకుడు కత్తి తియ్యలే. ఒక్కొక్క తాలూకా అప్పు తీరుస్తూ ఇడిపిచ్చిండు, గుత్త పద్ధతి తీసేసి జీతానికి పనిచేసే అధికారులను పెట్టిండు, 1865ల జిల్లాబందీ చేసి జిల్లాలు, తాలూకాలు, మీద తాలూక్‌దార్లు, కింద తహసీల్దార్లు అని ఒక వరుస తెచ్చిండు. నేను అన్నం తిన్న ఆఫీసుకు మూలం ఆడనే ఉన్నది. గుత్తేదార్ల బువ్వ పోయింది, ఇక ఆయన మీద పగవట్టకుంట ఉంటరా, ఆయనను చంపుదామని గూడ చూసిండ్రు. 1857ల ఇంగ్లీషోళ్ల దిక్కు నిలవడ్డడు, దానికి ఆయనను మెచ్చుకునేటోళ్లున్నరు, తిట్టేటోళ్లున్నరు. నేనైతె ఆ ఒక్క సంగతి మాఫ్ చెయ్య, కాని జిల్లాబందీ సంగతి గూడ మర్వ. నీ మంత్రి గూడ గిట్లనే ఉండాలె, ఒక చేత్తోని మేలు, ఒక చేత్తోని సదివెటోడు తప్పని అనేటి పని. 1883ల కలరా వచ్చి చనిపోయేదాక ముప్పై ఏండ్లు, ముగ్గురు నిజాంల కింద ఒక్కడే దివాన్. ఆ ముగ్గురిల ఆఖరాయన మహబూబ్ అలీ ఖాన్ 1869ల గద్దెనెక్కినప్పుడు మూడేండ్లు గూడ నిండని పిలగాడు, మన పాలమూరుకు మహబూబ్‌నగర్ అని ఆయన పేరే పెట్టిండ్రు. చూసినవా, నీ పన్నెండేండ్ల రాజు కంటె చిన్నోడు. ఆయన్ని ఎవరు ఇసం పెట్టి చంపలే. పిల్లరాజు ఉంటె మంత్రికి పని కుదురుతది, చంపితె ఇంకొగ పెద్దోడు గద్దెనెక్కి మంత్రినే మారుస్తడు. నీ మహామంత్రి పిలగానికి పాలల్ల ఇసం ఎందుకు కలిపిచ్చిండో నాకు ఇప్పటికి సమజ్ గాలే, ఆలోచించు.

ఇంగ సాలార్‌జంగ్ తాత ముచ్చట ఇంకా కథకు పనికొస్తది. ఆయన పేరు మునీరుల్ ముల్క్, పేరుకు దివాన్. దర్బార్ల ముందల కుర్చీ ఆయనదే, కాని పనంత చందూలాల్ అని పేష్కార్ చేతులుండేది. పేష్కార్ అంటె దివాన్ కింద లెక్కలు చూసేటోడు. దర్బార్ల ఇంగ్లీషోళ్ల తరపున ఉండే రెసిడెంటుకు ఎవరు కావాలెనో అతని చేతికే పని వచ్చింది, దివాన్ గారు ఇంట్ల కూసున్నడు. పేరుకు పెద్ద ఉద్యోగం ఒకరిది, పని ఇంకొకరిది, ఇసుమంటి సంగతి రాస్తె నీ కథ ఎంత చిక్కవడుతదో! చందూలాల్ ఏండ్లకేండ్లు నడిపిండు, దానం ధర్మం మస్తు చేసిండని చెప్తరు, కాని పామర్ కంపెనీ అసుమంటి వడ్డీ వ్యాపారుల కాడ సర్కారును అప్పుల్ల ముంచింది గూడ ఆయన కాలమే. తర్వాత ఆ తాత మనుమడే వచ్చి ఆ అప్పులు తీర్చిండు. ఇది నేను కల్పించింది గాదు, ఉన్న చరిత్రే.

ఇంకోటి, నీ మహామంత్రి హుకుం ఏడు సీమలల్ల ఒక్క తీరుగ నడుస్తున్నట్లు రాసినవ్. ఏ రాజ్యంల గూడ గట్ల ఉండదు బిడ్డా. నిజాం రాజ్యంల భూమి మూడు తీర్లు. దివానీ భూములు, అంటె దివాన్ చేతిలున్నయి. జాగీర్లు, అవి జాగీర్దార్లవి. సర్ఫెఖాస్, అది నిజాం సొంత ఆస్తి, దాని పైసలు దివాన్ ఖజానాలకు రావు, దాని లెక్కే వేరు. వనపర్తి, గద్వాల అసుమంటి సంస్థానాలైతె పేష్కష్, అంటె కప్పం, కట్టి తమ ఊర్లు తామే ఏలుకున్నయ్. అంటె అంత పెద్ద దివాన్ గూడ హైదరాబాద్ చుట్టు పక్కల సర్ఫెఖాస్ ఊర్లల్ల తన మాట చెల్లిచ్చుకోలేడు. మీ నాయినమ్మ వాళ్ల పెద్దోళ్లు సర్ఫెఖాస్ అన్న మాట భయంగనే అనేటోళ్లు. 1949ల జాగీర్లు, సర్ఫెఖాస్ అన్ని సర్కారుల కలిపేసిండ్రు, అప్పటిదాక గిట్లనే ఉన్నది. నీ ఏడు సీమలల్ల రెండు సీమలు రాజుకు సొంతం అని పెట్టు, మంత్రికి అందుల అడుగు పెట్టనీయకు, అప్పుడు ఆయన ఏం జేస్తడో చూడు.

మంత్రి పడిపోవుడు గూడ ఆలోచించు. గోల్కొండ మాదన్న, మన తెలుగోడు, తానీషా కాలంల రాజ్యం మొత్తం ఆయన చేతుల మీద నడిచింది, తోడవుట్టిన అక్కన్న గూడ పెద్ద కొలువుల ఉండె, 1677ల శివాజీ గోల్కొండకొచ్చినప్పుడు మాట నడిపినోడు మాదన్ననే. 1686ల ఆ అన్నదమ్ములిద్దరిని గోల్కొండ వీధిల నరికి చంపిండ్రు. దండు ఆయనది గాదు, రాజవంశం ఆయనది గాదు, రాజు మంచోడే అయినా కాపాడలేకపోయిండు. ఆ మరుసటేడే కోట గూడ ఔరంగజేబు చేతికి పోయింది. షాలిబండ అక్కన్న మాదన్న గుడికి బోనాలకు పోయినప్పుడు నీకు ఇదే చెప్పిన, నువ్వప్పుడు చిన్నదానివి. ఇటు విజయనగరంల తిమ్మరుసును రాయలు అప్పాజీ అని పిలిచేటోడు, తర్వాత కొడుకు చావుకు ఆయనే కారణమని అనుమానం పట్టి కండ్లు తీపిచ్చిండని న్యూనిజ్ అనే పోర్చుగీసాయన రాసిండు. రాజు తండ్రి అని పిలిచినా గంతే, ముద్ర రాజుదే.

కౌటిల్యుని అర్థశాస్త్రంల మంత్రికి ఏడాదికి నలభై ఎనిమిది వేల పణాలు జీతమని ఉన్నది, కొడుకు యువరాజుకు, రాజు తల్లికి గూడ అంతే, కింద చాకిరి చేసేటోనికి అరవై పణాలు. అంత ఎందుకంటె ఆశకు లొంగకుంట ఉండనీకి. ఇంత జీతమిచ్చి గూడ మళ్ల మంత్రులను రహస్యంగ పరీక్ష పెట్టమంటడు. ఇది చాలు, నీ కథల ఒక్క సీన్ దీని మీదనే రాయొచ్చు.

ఇంగ మంత్రే వద్దని రాజు అనుకుంటె? అది గూడ జరిగింది. 1914ల మూడో సాలార్‌జంగ్ దివాన్ పదవి ఇడిచినంక నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ తానే అన్ని కాయితాలు చూసుకుంట కూసున్నడు, 1919 దాక. చివరికి కౌన్సిల్ పెట్టక తప్పలే. ఆ పదవి ఇడిచినాయన కూడబెట్టిన వస్తువులే మనం చూసే మ్యూజియం. పదవి పోయినోడు ఏం జేసుకుంటడు అనేది గూడ కథే గదా.

మన పాలమూరు బిడ్డ బూర్గుల రామకృష్ణారావు సంగతితోని పదవి పోవుడు వేరే తీరు ఉన్నది. 1952 ఎన్నికలైనంక హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిండు. 1956ల ఆ రాష్ట్రమే లేకుంట పోయింది. కత్తి లేదు, ఇసం లేదు, నవంబర్ ఒకటో తారీకు వచ్చింది, కుర్చీతో పాటు రాజ్యం పోయింది, ఆయన కేరళకు గవర్నర్‌గ పోయిండు. పండితుడు, ఎన్నో భాషలొచ్చినాయన. అప్పుడు ఆ దస్తరాలు ఎట్ల కట్టి ఎవరికి అప్పజెప్పిండ్రో అనిపిస్తది నాకు, గుమాస్తాల మనసు అటే పోతది.

చిన్నోళ్లను గూడ ఇడిచిపెట్టకు. మన నకిరేకల్ దగ్గర చందుపట్లల 1289 నాటి శాసనం ఉన్నది, రుద్రమదేవి చనిపోయిందని మనకు తెలిసింది దానివల్లనే. ఆమెకు, ఆమె సేనాని మల్లికార్జున నాయకునికి పుణ్యం రావాలెనని భూమి దానం జేసి పువ్వుల ముమ్మడి అనేటాయన ఏయించిండు ఆ రాయి. మహారాణి కాదు, మహామంత్రి కాదు. ఒక చిన్న కొలువుల మనిషి. నీ సామ్రాజ్యంల గూడ అసుమంటి మనిషిని ఒకన్ని పెట్టు, మహామంత్రి ముద్రేసిన కాయితం ఆయన చేతికి వస్తె ఏమైతదో ఆయన కండ్లతోని చెప్పు.

నువ్వు రాసిన ఇసం సీను తీసేయి అంటలేను. దానికి ముందు ఒక సీను రాయి, సిపాయిలకు జీతాల రోజు, ఖజానాల పైసలు లేవు, రాజు తల్లి వచ్చి తన సొంత సీమల పైసలియ్యనంటది, బయట జమేదారు వాకిట్ల కూసున్నడు, మంత్రి పట్టీ ముందలేసుకోని ఎవరి పేరు కొట్టెయ్యాలెనో చూస్తున్నడు. అప్పుడు ఆయన ఇసందాక ఎట్ల వచ్చిండో నేను నమ్ముత. వచ్చే నెల దసరాకు వచ్చినప్పుడు అది పట్టుకోనిరా, ప్రింట్ నేను తీపిస్త, పెద్ద అక్షరాలల్ల. మీ అమ్మ సకినాలు, సర్వపిండి చేస్తనన్నది, ఎన్ని రోజులుంటవో ముందే చెప్పమన్నది.

మీ నాయిన
నల్గొండ