నేరుల్ ఫుట్‌పాత్ మీద కలిసిన మా పెద్దమ్మకు

రైలు దిగి ఇంటికొచ్చి ఒక రోజు దాటింది, సంచులు ఇంకా విప్పలేదు. చిన్నోడు పక్క గదిలో నిద్రపోతున్నాడు. వాడి ఊపిరి సరిగ్గా ఆడుతోందా లేదా అని ఇప్పటికి పదిసార్లు లేచి వెళ్ళి చెవి పెట్టి విన్నాను. ఈరోజు 2025 జనవరి 21. నవీ ముంబైలోని నేరుల్ స్టేడియంలో ఈ టైముకి ఇంగ్లిష్ పాటల బ్యాండు కోల్డ్‌ప్లే మూడో షో నడుస్తూ ఉంటుంది. ఆ స్టేడియం బయట చెత్త ఎత్తడానికి చీపురు పట్టుకుని ఒక ముసలామె కూర్చుని ఉంటుందా, లేక మా వల్ల ఆమె పని పోయిందా అన్న ఆలోచనతో నాకు నిద్ర రావట్లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మేం మహబూబ్‌నగర్‌లో ఉంటాం. నేను జడ్చర్ల దగ్గర ఒక ఊళ్ళో ప్రైమరీ స్కూల్ టీచర్‌ని. మా అమ్మాయి పదో తరగతి. కరోనా లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ క్లాసుల కోసమని కొనిచ్చిన ఫోన్‌లో అది కోల్డ్‌ప్లే పాటలు వినడం మొదలుపెట్టింది. నలుగురు కాలేజీ స్నేహితులు, లండన్‌లో 1990ల చివర్లో బ్యాండు పెట్టుకున్నారు, ఇప్పటికీ అదే నలుగురు కలిసి వాయిస్తున్నారమ్మా అని నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు. 2016 నవంబరులో వాళ్ళు ముంబై వచ్చినప్పుడు ఇది ఏడేళ్ళ పిల్ల, వాళ్ళెవరో కూడా తెలియదు. మళ్ళీ ఇన్నేళ్ళకు వస్తున్నారని తెలిసిన రోజు నుంచి ఇంట్లో ఇదే మాట. పరీక్షల ముందు వద్దని మా ఆయన అన్నారు. నేనే సరే అన్నాను, మా పిల్ల ఇంతవరకూ మమ్మల్ని అడిగిందే తక్కువ.

టికెట్లు సెప్టెంబరు 22, ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి అమ్మకానికి పెట్టారు. మూడు ఫోన్లు ముందేసుకుని కూర్చున్నాం, క్యూలో మా నెంబరు లక్షల్లో చూపించింది. చివరికి ఒక్కోటి 6,450 రూపాయల నిలబడి చూసేవి రెండు దొరికాయి. అవి తండ్రీకూతుళ్ళకి. నేనూ చిన్నోడూ బయట ఉండి పాటలు విందామని, మర్నాడు నలుగురం కలిసి గేట్‌వే ఆఫ్ ఇండియా చూసి పడవలో ఎలిఫెంటా వెళ్దామని అనుకున్నాం. సంక్రాంతి సెలవుల వెనకాలే హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం.

18వ తేదీ శనివారం సాయంత్రం వాళ్ళిద్దర్నీ గేటు దాకా దింపి, నేనూ వాడూ కాస్త దూరంగా వచ్చి సయన్-పన్వేల్ హైవే వైపు ఒక ఫుట్‌పాత్ మీద కూర్చున్నాం. మాలాగే టికెట్ లేని పిల్లలు అక్కడ చాలామంది ఉన్నారు. చీకటి పడ్డాక పాటలు మొదలయ్యాయి. ఇక్కడి నుంచి కూడా వినిపిస్తుంటే చిన్నోడు లేచి గెంతాడు. లోపల అందరి చేతులకూ వెలిగే బ్యాండ్లు కట్టారట, అవి ఒకేసారి రంగులు మారతాయని అక్క చెప్పిందట, గోడ మీద నుంచి ఆ వెలుగు కనిపిస్తుందేమోనని తల ఎత్తి ఎత్తి చూశాడు. తర్వాత కూర్చున్నాడు. తర్వాత మాట్లాడటం ఆపేశాడు.

వాడికి ఆయాసం ఉంది. ఇన్‌హేలర్ నా సంచిలోనే ఉంది. తీసి నోట్లో పెట్టి నొక్కితే ఏమీ రాలేదు. వెనకున్న అంకె చూస్తే సున్నా. సంక్రాంతికి వారం రోజులు మేడ మీద గాలిపటాలు ఎగరేస్తూ దుమ్ములో ఉండి వాడు ఎన్నిసార్లు పీల్చాడో నేను చూసుకోలేదు, బయల్దేరే ముందు ఆ అంకె ఒక్కసారి చూసి ఉంటే అయిపోయేది. పిల్లికూతలు మొదలయ్యాయి, డొక్కలు ఎగరేస్తున్నాడు, పెదాల రంగు మారుతోంది. మా ఆయనకు ఫోన్ చేస్తే కలవదు. అన్ని వేల మంది ఒకే చోట ఉంటే నెట్‌వర్క్ ఎక్కడ ఉంటుంది? బండి బుక్ చేద్దామంటే ఆ యాప్ తిరుగుతూనే ఉంది. చుట్టూ జనం పాటకు గొంతు కలుపుతున్నారు. వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని "అయ్యో బిడ్డా, కండ్లు తెరువు బిడ్డా" అని మన మాటలోనే అరిచాను, నాకింకేం తోచలేదు.

"పండుకోబెట్టకు బిడ్డా, కూసోబెట్టు."

తలెత్తి చూస్తే నారింజ రంగు జాకెట్ వేసుకున్న ఒక పెద్దామె. షో అయ్యాక రోడ్లు ఊడ్చడానికి కంట్రాక్టు మీద తెచ్చిన కూలీలు ఆ పక్కన వరసగా కూర్చుని ఉన్నారు, వాళ్ళలో నుంచి లేచి వచ్చింది. నా చేతుల్లోంచి వాణ్ణి తీసుకుని నిటారుగా తన గుండెకు ఆనించుకుని, వీపు మీద చెయ్యేసి మెల్లగా రాస్తూ "దమ్ము తీస్కో సిన్నోడా, ఒకటి… ఇడువు… రెండు… ఇడువు…" అని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "మా ఆయనకు గిట్లనే ఉండె, రాళ్ళ దుమ్ముతోని ఊపిరితిత్తులు కరాబై పోయిండు" అని, ఆ లెక్క మధ్యలోనే, ఏ వణుకూ లేకుండా చెప్పింది. ఆ చెయ్యి ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. ఇరవై ఏళ్ళు సెంట్రింగ్ పనిలో సిమెంటు తిన్న వేళ్ళు, కొసల దగ్గర నిలువునా పగుళ్ళు, ఆ పగుళ్ళలో ఎంత కడిగినా పోని బూడిద రంగు గీతలు. ఆ గరుకు చెయ్యి వాడి వీపు మీద తిరుగుతుంటే స్వెటర్ దారాలు వేళ్ళకు పట్టుకుంటున్నాయి. నేను అదే చూస్తూ ఉండిపోయాను.

"లే. కూసోని ఏడిస్తే ఏమొస్తది, నడువు" అని నన్నే లేపింది. వెనక నుంచి సూపర్‌వైజరు ఏదో మరాఠీలో గట్టిగా అరిచాడు. ఆమె తిరిగి కూడా చూడలేదు. పోలీసు తాళ్ళు కట్టిన చోటు దాకా వాణ్ణి చంకనేసుకుని నడిచింది, తొమ్మిదేళ్ళ పిల్లాణ్ణి, ఆ వయసులో. అక్కడ ఒక ఆటో ఆపింది.

ముందు కనిపించింది ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రి. పేరు రాయను, రాసి లాభం లేదు, అన్నిచోట్లా ఇదే. కౌంటర్ దగ్గర డిపాజిట్ పాతికవేలు కట్టమన్నారు, ఆధార్ అడిగారు, ఫారం నింపమన్నారు. నా ఫోన్‌లో చార్జింగ్ అయిపోవచ్చింది, డబ్బు పంపితే గుండ్రంగా తిరుగుతోంది తప్ప వెళ్ళట్లేదు. చేతిలో ఏడొందల రూపాయలు. ముందు పిల్లాడికి గాలి పెట్టండి, మా ఆయన వచ్చి కడతారని హిందీలో బతిమాలుకున్నాను. అప్పుడు ఆ పెద్దమ్మ కొంగుముడి విప్పింది. నాలుగు మడతలు పెట్టిన ఐదొందల నోట్లు మూడు, కొన్ని పదులు, చెమటకు తడిసి ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే విడదీసి కౌంటర్ మీద పెట్టి, మరాఠీలో ఆ అమ్మాయిని గట్టిగా అడిగింది. ఆ అమ్మాయి రెండు వేళ్ళతో ఆ నోట్లను ఇవతలికి తోసింది.

నేను టీచర్‌ని, ఎక్కడైనా నిలబడి మాట్లాడగలను అనుకునేదాన్ని. అక్కడ నోరు రాలేదు. ప్రాణం మీదికొచ్చినప్పుడు ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు వైద్యం చెయ్యాల్సిందేనని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ముప్పై ఐదేళ్ళు దాటింది, ఇంకా కౌంటర్ దగ్గరే ఆపుతున్నారు. అక్కడున్న డాక్టర్లలో ఒక్కరైనా బయటికొచ్చి వాడి డొక్క చూసి ఉంటే చాలు కదా. ఇది ఆ ఒక్క ఆసుపత్రి మీద కోపం కాదు, మన జిల్లాలో కూడా ఇలాంటి కౌంటర్లు చూశాను. కానీ నా పిల్లాడు అలా ఉండగా చూడటం వేరు.

"ఈళ్ళతోని ముచ్చటేంది, సర్కారు దవాఖానకు పోదాం" అని మళ్ళీ అదే ఆటోలో మున్సిపల్ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ 87. వెంటనే నెబులైజర్ పెట్టారు, ఆక్సిజన్ పెట్టారు, ఒక ఇంజక్షన్ ఇచ్చారు. మళ్ళీ నెబులైజర్. గంట గడిచేసరికి 95కి వచ్చింది, వాడు కళ్ళు తెరిచి "పాటలు అయిపోయినయా?" అని అడిగాడు. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది నాకు. ఆమె భుజం మీద పడి ఏడ్చాను. ఆమె జాకెట్‌కున్న ఆ మెరిసే పట్టీ నా చెంపకు గీసుకుని ఎర్రగా అయితే, "సూసుకో బిడ్డా" అని దాన్ని మడిచి పెట్టింది.

కాస్త కుదుటపడ్డాక ఏ ఊరు పెద్దమ్మా అని అడిగాను. మా వైపే, కోస్గి దగ్గర ఊరు. పెళ్ళయిన కొత్తలో మేస్త్రీ వెంట వచ్చారట, ఇద్దరూ. అప్పటి నుంచి బొంబాయే. కొడుకు ఊళ్ళో ఐదో తరగతి వరకు చదివాడు, "సూసుకునేటోళ్ళు లేక ఎంబడి తెచ్చుకున్నం, బడి ఇడిసిండు, ఇప్పుడు గోడలకు రంగులేస్తడు" అంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ప్రతి ఏడూ దసరా దాటాక నా క్లాసులో నలుగురైదుగురు పిల్లలు కనిపించకుండా పోతారు. నాలుగైదు రోజులు చూసి, ఇంటికెళ్ళి ముసలోళ్ళను అడిగి, రిజిస్టర్‌లో పేరు పక్కన 'వలస' అని ఎర్ర ఇంకుతో రాస్తాను. పదిహేనేళ్ళుగా రాస్తున్నాను. రాశాక ఆ పిల్లల తల్లులు అక్కడ ఏం తింటున్నారో, ఏ ఫుట్‌పాత్ మీద కూర్చున్నారో ఎప్పుడూ ఆలోచించలేదు. బొంబాయిలో కామాఠీపురా అనే పేటకు ఆ పేరు వచ్చిందే మన వైపు నుంచి వెళ్ళిన తెలుగు కూలీల వల్ల అని పిల్లలకు పాఠంలా చెప్పాను. ఆ కూలీలలో ఒకామె పక్కన ఆసుపత్రి బల్ల మీద కూర్చోవడం ఇదే మొదటిసారి. నేను టీచర్‌నని ఆమెతో చెప్పడానికి నోరు రాలేదు.

పదిన్నరకు మా ఆయన ఫోన్ కలిసింది, పాపను తీసుకుని పరుగెత్తుకొచ్చారు. రాత్రంతా వాళ్ళే కూర్చున్నారు. పాప తన వల్లే ఇదంతా అయిందని తెల్లవార్లూ ఏడ్చింది, నీ వల్ల కాదు తల్లీ.

మా ఆయన వచ్చాక డబ్బు ఇవ్వబోతే పెద్దమ్మ చెయ్యి వెనక్కి పెట్టుకుంది. ఆ రోజు కూలి ఎంత అని అడిగినా చెప్పలేదు. మధ్యలో పోయినందుకు సూపర్‌వైజరు హాజరు కొట్టేసి ఉంటాడని నేనంటే, "కొట్టేస్తే కొట్టేయనీ, రేపు ఇంకో పని సూస్కుంట" అంది. మరీ మరీ బతిమాలితే ఒక్కటే అడిగింది. దీపావళి తర్వాత కురుమూర్తి జాతరకు ఈసారి రాలేకపోయిందట, చార్జీలకు పైసలు చాలలేదట. మా దగ్గరి మన్యంకొండ వెంకన్న గుడిలోనైనా తన పేరున ఒక కొబ్బరికాయ కొట్టమంది. మాఘమాసంలో బ్రహ్మోత్సవాలు వస్తున్నాయి కదా పెద్దమ్మా, మేం నలుగురం మెట్లెక్కి వెళ్ళి కొడతాం. నీ పేరు, నీ కొడుకు పేరు, ఇక లేని పెద్దనాన్న పేరు, మూడూ చెప్పి అర్చన చేయిస్తాం. ఆమె పేరు ఇక్కడ రాయట్లేదు, ఆ కంట్రాక్టరు కంట పడితే ఉన్న పని కూడా పోతుందని భయం.

ఆదివారం మధ్యాహ్నం డిశ్చార్జి చేశారు. గేట్‌వే చూడలేదు, ఎలిఫెంటా లేదు, సాయంత్రం నేరుగా స్టేషన్‌కే. వెళ్ళే ముందు పెద్దమ్మ మళ్ళీ వచ్చింది. గుడ్డలో కట్టిన రెండు జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం. రైల్లో చిన్నోడు ఒక రొట్టె మొత్తం తిన్నాడు, ఇంట్లో నేను చేస్తే ముక్క కూడా ముట్టడు.

మా అత్తమ్మ ఇల్లు చూసుకుంది, మా అన్న రాత్రికి రాత్రి డబ్బు వేశాడు, వాళ్ళకు థ్యాంక్స్ చెబితే తిడతారు.

పోస్టు చేయబోతుంటే గుర్తొచ్చింది, ఆ ఆటో డ్రైవర్ అన్న. మరాఠీ ఆయన. రెండు ఆసుపత్రులూ తిప్పి, రెండోచోట మేం లోపలికి పోయేదాకా ఆగి, మీటర్ కూడా చూడకుండా వెళ్ళిపోయాడు. ముఖం కూడా సరిగ్గా చూడలేదు అన్నా నేను. మున్సిపల్ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సమ్మ, తన బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చింది. అక్కడే ఒక కుర్రాడు తన చార్జర్ ఇచ్చాడు, తిరిగి ఇవ్వడం మర్చిపోయి మాతోనే తెచ్చేశాం, నల్లది, వైరు కొస దగ్గర టేపు చుట్టి ఉంది. రైల్లో చిన్నోడికి కింది బెర్త్ ఇచ్చిన సోలాపూర్ పెద్దాయన. సోమవారం నా రెండు క్లాసులు చూసుకున్న తోటి టీచర్. ఇంకా ఎవర్నైనా మర్చిపోతే క్షమించండి, తల పని చేయట్లేదు.

ఇన్‌హేలర్ వాడే పిల్లలున్న వాళ్ళు దయచేసి ఇప్పుడే లేచి దాని వెనక అంకె చూడండి. రెండోది ఒకటి సంచిలో ఉంచండి.

కోస్గి, మద్దూరు, నారాయణపేట వైపు వాళ్ళెవరైనా ఇది చదివి, నేరుల్‌లో ఊడ్చే పనికి పోయే మీ మనుషులు ఎవరైనా ఉంటే ఫోన్ చేసి చెప్పండి. పెద్దమ్మకు సొంత ఫోన్ లేదు. ఆమె రాయించిన కొడుకు నెంబరు కలవట్లేదు, ఒక అంకె తప్పు పడ్డట్టుంది. పిలగాడు బాగున్నాడని, పొద్దున లేచి ఇడ్లీ తిన్నాడని చెప్పండి చాలు.