మా ఇంటి వెబ్‌సైట్ బయటివాళ్లకు అందకుండా పోయింది: చెప్పకుండా మార్చిన ఐపీ అడ్రస్‌పై ఫిర్యాదు

బొబ్బిలి,
విజయనగరం జిల్లా.

వినియోగదారుల ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

విషయం: మా ఫైబర్ కనెక్షన్‌కు ఉన్న పబ్లిక్ ఐపీ అడ్రస్‌ను (బయటివాళ్లు మా ఇంటికి నేరుగా చేరగలిగే ఇంటర్నెట్ చిరునామాను) ముందస్తు సమాచారం లేకుండా తీసేసి, షేర్డ్ అడ్రస్‌కు (చాలామంది కస్టమర్లు పంచుకునే చిరునామాకు) మార్చడం గురించి.

ఆర్యా,

మాది వీణలు చేసే ఇల్లు. పెదనాన్న, నాన్న ఇద్దరూ అదే పనిలో ఉన్నారు. ఆర్డర్లు, ఫోటోలు, రికార్డింగులు, కొనేవాళ్లతో మాటలు నేను చూసుకుంటాను. బొబ్బిలి వీణ కావాలనుకునేవాళ్లలో చాలామంది ఇక్కడిదాకా రాలేరు. చెన్నైలో ఉంటారు, బెంగళూరులో ఉంటారు, కొందరు విదేశాల్లో ఉంటారు. వాళ్లకు ఫోటో ఒక్కటే చాలదు. పనస కర్ర మీద చెక్కడం ఎంత అందంగా వచ్చినా, మైనం పెట్టి 24 మెట్లూ నిలబెట్టి మేళం కట్టాక ఆ వీణ ఎలా పలుకుతోందో వినాలి. అందుకే మేళం పూర్తయిన ప్రతి వీణనూ పెదనాన్న ఒక్కో మెట్టు మీద మీటుతుంటే రికార్డు చేసి, నాణ్యత తగ్గించకుండా వెబ్‌సైట్‌లో పెడతాం. మంద్రంలో తీగ ఎంతసేపు మోగుతుందో విన్నాకే వాళ్లు నిర్ణయం తీసుకుంటారు.

ఆ ఫైళ్లు పెద్దవి. అవన్నీ మా ఇంట్లోనే ఒక చిన్న కంప్యూటర్‌లో ఉన్నాయి, సైట్ కూడా దానిమీదే నడుస్తుంది. మీ ఫైబర్ కనెక్షన్ తీసుకున్నదే ఇందుకోసం. ఆ మాట కనెక్షన్ రాయించుకునేటప్పుడే మీ సేల్స్ ప్రతినిధికి చెప్పాను. "పబ్లిక్ ఐపీ వస్తుంది, పోర్టులు మీరే ఓపెన్ చేసుకోవచ్చు" అని ఆయన వాట్సాప్‌లో ఇచ్చిన జవాబు ఈ లేఖకు జతచేశాను. పోర్టులంటే బయటి నుంచి వచ్చే అభ్యర్థనలకు ద్వారాల్లాంటివి. ఆయన చెప్పినట్టే వచ్చింది కూడా. దసరా ముందు వరకు సైట్‌కు ఏ ఇబ్బందీ రాలేదు.

దసరా ముందు మాకు ఆర్డర్ల కాలం. సరిగ్గా అప్పుడే సైట్ బయటివాళ్లకు తెరుచుకోవడం మానేసింది. చెన్నైలో వీణ నేర్పే ఒకావిడ తన శిష్యురాలి కోసం ఒక ఏకాండి వీణ (మొత్తం ఒకే దుంగలో చెక్కినది) చూస్తున్నారు. "లింక్ నొక్కితే తెల్ల పేజీ అలా తిరుగుతూనే ఉంది బాబూ" అని ఫోన్ చేశారు. అప్పటి నుంచి మీ కాల్ సెంటర్‌తో నేను పడిన అవస్థ గురించి వివరంగా రాస్తున్నాను. ఎందుకంటే ప్రతిసారీ కొత్త మనిషి ఫోన్ ఎత్తుతున్నారు, ప్రతిసారీ కథ మొదటి నుంచి మొదలవుతోంది.

మొదటి జవాబు, రూటర్ రీస్టార్ట్ చేయండి. చేశాను. రెండో జవాబు, మీ వైఫైలోనే ఉండి మీ సైట్ పేరు కొట్టి చూడండి. రాలేదన్నాను. "చూశారా సార్, మీ సర్వర్‌లోనే ప్రాబ్లమ్" అని నా ఫిర్యాదు టికెట్ మూసేశారు. ఇది సరైన పరీక్ష కాదు. ఇంట్లో ఉన్న ఫోన్ బయటి అడ్రస్‌ను అడిగితే, రూటర్ ఆ అభ్యర్థనను వెనక్కి తిప్పి మళ్లీ ఇంట్లోకే పంపగలగాలి. ఆ ఏర్పాటు లేని రూటర్లు చాలా ఉన్నాయి, మీరిచ్చిన రూటర్‌లోనూ లేదు. బయటివాళ్లకు సైట్ చక్కగా పనిచేసిన రోజుల్లో కూడా నేను వైఫై మీద నుంచి ఆ పేరుతో తెరవలేకపోయేవాణ్ణి. పరీక్షించాలంటే ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటాతో చూడాలి. కనీసం ఈ ఒక్క విషయమైనా మీ కాల్ సెంటర్ వాళ్లకు రాసిచ్చిన ప్రశ్నల్లో మార్చమని కోరుతున్నాను. నాలాంటి ఎంతమంది టికెట్లు ఈ తప్పుడు పరీక్షతో మూతపడ్డాయో మీరే చూసుకోవచ్చు.

మా వైపు ఏమేం చూశానో కూడా చెబుతాను. ఇంటి లోపలి అడ్రస్ 192.168.1.20 కొడితే సైట్ వెంటనే వస్తోంది, అంటే కంప్యూటర్, వెబ్ సర్వర్ బాగానే ఉన్నాయి. ఆ కంప్యూటర్‌కు ఎప్పుడూ అదే అడ్రస్ వచ్చేలా రూటర్‌లో రిజర్వేషన్ ఉంది. వెబ్‌సైట్‌కు వాడే 80, 443 పోర్టులు రెండూ దానికే ఫార్వర్డ్ అయి ఉన్నాయి, అంటే వాటికి వచ్చే అభ్యర్థనలను రూటర్ ఆ కంప్యూటర్‌కే పంపుతుంది. కంప్యూటర్ ఫైర్‌వాల్‌లోనూ ఆ రెండూ తెరిచే ఉన్నాయి. ఆ తర్వాత చెన్నై అమ్మగారికి ఫోన్ చేసి, "ఇప్పుడు ఒకసారి లింక్ నొక్కండి" అని అడిగి, వచ్చే ప్రతి ప్యాకెట్‌నూ (డేటా ముక్కనూ) చూపించే టూల్ పెట్టుకుని స్క్రీన్ ముందు కూర్చున్నాను. నా ఫోన్‌తో లోపలి అడ్రస్ కొడితే వరుసగా లైన్లు పరుగెత్తాయి. ఆవిడ నొక్కినప్పుడు ఒక్క లైన్ కూడా పడలేదు. మళ్లీ నొక్కమన్నాను, మళ్లీ ఏమీ లేదు. ఆవిడ అభ్యర్థన మా కంప్యూటర్ దాకా రావడం లేదు.

అప్పుడు రూటర్ పేజీలో వ్యాన్ (WAN) అడ్రస్, అంటే మీ నెట్‌వర్క్ మా రూటర్‌కు ఇచ్చిన అడ్రస్, చూశాను. 100.81తో మొదలవుతోంది. బయట "నా ఐపీ ఏంటి" అని చూపించే పేజీలో మాత్రం వేరే అడ్రస్ ఉంది. కనెక్షన్ కొత్తలో తీసుకున్న స్క్రీన్‌షాట్ నా దగ్గర ఉంది, అందులో ఈ రెండూ ఒకటే. 100.64.0.0 నుంచి 100.127.255.255 వరకు ఉన్న అడ్రస్‌లను 2012 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 6598 అనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం ద్వారా ప్రత్యేకంగా పక్కన పెట్టారు. ఇంటర్నెట్ కంపెనీలు తమ నెట్‌వర్క్ లోపల కస్టమర్లకు పంచి, వాళ్లందరినీ కొద్ది పబ్లిక్ అడ్రస్‌ల వెనక బయటకు పంపడానికే ఆ వరుస. దీన్నే క్యారియర్ గ్రేడ్ నాట్ (CGNAT), పొట్టిగా సీజీనాట్ అంటారు. అంటే మీరు మమ్మల్ని సీజీనాట్ వెనక్కి మార్చారు.

దీనివల్ల ఏం జరుగుతుందో మీ నెట్‌వర్క్ ఇంజనీర్లకు నేను చెప్పనక్కర్లేదు. కానీ ఈ లేఖ చదివే అధికారికి తెలియాలి. మా ఐపీ మారినప్పుడల్లా సైట్ పేరును కొత్త అడ్రస్‌కు మార్చే డైనమిక్ డీఎన్ఎస్ ప్రోగ్రాం ఒకటి నడుస్తోంది. ఇప్పుడు అది మీ షేర్డ్ పబ్లిక్ అడ్రస్‌నే రాస్తోంది. కాబట్టి మా సైట్ కోసం వచ్చేవాళ్లంతా మీ గేట్‌వే యంత్రం దగ్గరికి వచ్చి ఆగిపోతున్నారు. అపార్ట్‌మెంట్ పేరు రాసి ఫ్లాట్ నంబర్ లేకుండా వచ్చిన ఉత్తరం లాంటి పరిస్థితి అది: ఎవరి ఇంటికి పంపాలో ఆ యంత్రానికి తెలియదు. మా రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత సరిగ్గా పెట్టినా ప్రయోజనం లేదు, ఎందుకంటే అభ్యర్థన మా గుమ్మం దాకా రాకముందే మీ దగ్గర ఆగుతోంది. మా ఇంటి నుంచి బయటకు వెళ్లేవన్నీ, యూట్యూబ్, బ్యాంకు, వీడియో కాల్, మామూలుగా పనిచేస్తాయి. అందుకే మీ కాల్ సెంటర్‌కు అంతా బాగున్నట్టే కనిపిస్తోంది.

ఇదంతా రాతపూర్వకంగా పంపాక వచ్చిన స్పందన నన్ను ఇంకా బాధపెట్టింది. మీ కాల్ సెంటర్ నుంచి నాకు చెప్పకుండా రిమోట్‌గా రూటర్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేశారు. పోర్టుల సెట్టింగులు, రిజర్వేషన్, వైఫై పాస్‌వర్డ్ అన్నీ పోయాయి. ఆ సమయానికి నాన్న ఒక కొనుగోలుదారుతో వీడియో కాల్‌లో ఉన్నారు, వీణ కుండ లోపలి చెక్కడం దగ్గరగా చూపిస్తున్నారు. కాల్ మధ్యలో తెగిపోయింది. రూటర్ మీది కావచ్చు, కానీ అందులో ఉన్నవి మా పని సెట్టింగులు. వాటిని తుడిచేసే ముందు ఒక ఫోన్ చేయాలి.

మా ఇంటికి వచ్చిన మీ టెక్నీషియన్ ఒక్కరే ఉన్నమాట చెప్పారు. వ్యాన్ అడ్రస్ చూడగానే, "అన్నా, ఇది నా చేతిలో లేదు. పైనుంచి ఏరియా మొత్తం మార్చేశారు" అన్నారు. ఆయన మర్యాదైన మనిషి, పని తెలిసిన మనిషి. ఈ ఫిర్యాదు వల్ల ఆయన మీద మాట రాకూడదు. కాల్ సెంటర్ మూసేసిన టికెట్లన్నీ తేల్చలేని విషయాన్ని ఆయన ఒక్క చూపులో తేల్చారు.

అడ్రస్‌ల కొరత నిజమేనని నాకు తెలుసు. ఐపీవీ4 అనే పాత అడ్రస్ పద్ధతిలో మొత్తం అడ్రస్‌లే దాదాపు 429 కోట్లు. మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి వాటిని పంచే సంస్థ 2011 ఏప్రిల్ నుంచే చివరి వాటాను పొదుపుగా ఇస్తోంది. మీరు సీజీనాట్ వాడటం మీద నాకు అభ్యంతరం లేదు. సినిమాలు చూసుకునే ఇంటికి దానివల్ల పెద్ద తేడా ఉండదు. కానీ పబ్లిక్ ఐపీ ఇస్తామని చెప్పి అమ్మిన కనెక్షన్‌ను ఒక ఎస్ఎంఎస్ కూడా లేకుండా మార్చడం, ఆపైన లోపం కస్టమర్ ఇంట్లోనే ఉందని చెప్పడం, ఈ రెండింటి మీదే నా ఫిర్యాదు.

కొరతకు అసలు పరిష్కారం ఐపీవీ6, అంటే చాలా ఎక్కువ అడ్రస్‌లు ఉండే కొత్త పద్ధతి. 2022 డిసెంబర్ 31 తర్వాత ఇచ్చే కొత్త రిటైల్ వైర్‌లైన్ కనెక్షన్లన్నీ ఐపీవీ6 ట్రాఫిక్‌ను మోయగలిగేలా ఉండాలని టెలికాం శాఖ 2021లోనే గడువు పెట్టింది. మా కనెక్షన్ ఆ తేదీ తర్వాతదే. రూటర్‌లో ఐపీవీ6 పేజీ ఖాళీగా ఉంది. దాని గురించి అడిగితే "ఆ ఆప్షన్ మీ ప్లాన్‌లో లేదు" అన్నారు. అది ప్లాన్‌ను బట్టి ఇచ్చే సౌకర్యం ఎలా అవుతుందో రాతపూర్వకంగా చెప్పండి.

స్టాటిక్ ఐపీకి, అంటే ఎప్పుడూ మారని పబ్లిక్ అడ్రస్‌కు, డబ్బు కడతానని నేనే అడిగాను. బిజినెస్ ప్లాన్ ఉంటేనే ఇస్తామని ఒకరు, బొబ్బిలిలో అసలు ఇవ్వడం లేదని ఇంకొకరు, యాప్‌లో అప్లై చేయమని మరొకరు అన్నారు. యాప్‌లో ఆ ఎంపికే లేదు. బయట హోస్టింగ్ తీసుకోవచ్చు కదా అని సలహా కూడా ఇచ్చారు. ప్రస్తుతానికి అదే చేశాను. బయట ఒక చిన్న సర్వర్ అద్దెకు తీసుకుని, మా ఇంటి కంప్యూటర్ నుంచి దానికి టన్నెల్ (ఇంటర్నెట్ మీదుగా మా సొంత దారి) వేసి సైట్‌ను మళ్లీ నిలబెట్టాను. కనెక్షన్ మా వైపు నుంచి బయటకు వెళ్తుంది కాబట్టి సీజీనాట్ దాన్ని ఆపదు. కానీ ఇప్పుడు ప్రతి రికార్డింగూ ముందు ఆ సర్వర్‌కు వెళ్లి, అక్కడి నుంచి వినేవాళ్లకు చేరుతోంది. డేటాకు అక్కడ లెక్క ఉంది, నెలనెలా అద్దె ఉంది. మీకు కట్టే బిల్లు మాత్రం తగ్గలేదు.

నేను కోరేది ఇది. మా కనెక్షన్‌ను తిరిగి పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్ మీదకు మార్చండి. అది డైనమిక్ (అప్పుడప్పుడు మారేది) అయినా చాలు, స్టాటిక్ అయితే దాని ధర ఎంతో ఒకే ఒక్క జవాబుగా రాసి ఇవ్వండి. ఐపీవీ6 ఇవ్వండి, బయటి నుంచి వచ్చే ట్రాఫిక్‌ను రూటర్ ఫైర్‌వాల్‌లో కావలసిన మేరకు తెరుచుకునే వీలు మాకు ఉంచండి. ఐపీవీ6 ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకుంటే కుదరదు, ఎందుకంటే వీణ కొనేవాళ్లలో ఇంకా ఐపీవీ4 మాత్రమే ఉన్నవాళ్లు ఉన్నారు. పబ్లిక్ ఐపీ తీసేసిన రోజు నుంచి మళ్లీ ఇచ్చే రోజు వరకు బిల్లులో తగ్గింపు ఇవ్వండి, బయటి సర్వర్ అద్దె రసీదులు కూడా జతచేశాను. ఇకపై మా రూటర్‌ను రిమోట్‌గా రీసెట్ చేసే ముందు నా అనుమతి తీసుకోండి.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 ఫిర్యాదుల నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ డాకెట్ నంబర్ (ఫిర్యాదు నమోదు నంబర్) ఇవ్వాలి. ఈ లేఖకు ఆ నంబర్ పంపండి. పాత టికెట్లలో "కస్టమర్ సంతృప్తి చెందారు" అని రాసి మూసినవాటిని మళ్లీ తెరవండి, నేను ఎక్కడా ఆ మాట అనలేదు. మీ జవాబు సరిగ్గా లేకపోతే మీ అప్పీలు అధికారి దగ్గరికి వెళ్తాను. అక్కడా తేలకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవా లోపంగా జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను.

ఫోన్ చేసేట్టయితే సాయంత్రం 6 తర్వాత చేయండి. అంతకుముందు వర్క్‌షాప్‌లో కర్ర కోసే చప్పుడులో రింగ్ వినపడదు. చేసేవాళ్లు నెట్‌వర్క్ విభాగం నుంచి ఉండాలని, సీజీనాట్ అంటే ఏమిటో మళ్లీ నాచేత చెప్పించుకోని మనిషి అయి ఉండాలని కోరుతున్నాను.

జతచేసినవి: సేల్స్ ప్రతినిధి వాట్సాప్ మెసేజ్, పాత, కొత్త వ్యాన్ అడ్రస్‌ల స్క్రీన్‌షాట్లు, ప్యాకెట్ల రికార్డు, మూసేసిన టికెట్ల కాపీలు, సర్వర్ అద్దె రసీదులు.

ఇట్లు,
మీ ఫైబర్ వినియోగదారుడు,
బొబ్బిలి.