లైసెన్సు నంబరు ఎక్కడ?

అయ్యా,

విదేశీ ఉద్యోగాల మోసాలపై గతవారం మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. యువత అత్యాశే దీనికి కారణమని ఓ అధికారి సెలవిచ్చారట. నెలజీతం మీద బతకాలనుకోవడం అత్యాశ ఎప్పుడైందో కూడా ఆయనే చెప్పాల్సింది.

2024 మేలో బయటపడ్డ కంబోడియా వ్యవహారం విశాఖ అప్పుడే మరిచిపోయిందా? డేటా ఎంట్రీ పనని తీసుకెళ్లి మన పిల్లలతో సైబర్ మోసాలు చేయించారు. అప్పుడూ ‘అప్రమత్తంగా ఉండండి’ అన్నారు, ఇప్పుడూ అదే పాట.

మా వీధి కుర్రాడు బీకాం చదివాడు. దుబాయ్‌లో అకౌంటెంట్ ఉద్యోగమని ఏజెంటు లక్షా ఎనభై వేలు పుచ్చుకున్నాడు. ‘ముందు విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడ వర్క్ వీసాకి మార్పిస్తాం’ అన్నాడు. తీరా వెళ్లాక ఫోనెత్తలేదు. గడువు దాటితే అక్కడ రోజుకు 50 దిర్హమ్‌ల జరిమానా. ఆ టెన్షన్ తట్టుకోలేక పిల్లాడు ఇంటికొచ్చేశాడు, అప్పు మాత్రం అలాగే ఉంది.

నిజానికి అక్కడి కార్మిక చట్టం ప్రకారం నియామక ఖర్చులు యజమానే పెట్టుకోవాలి. ఇక్కడ 1983 నాటి వలసల చట్టం కింద రిజిస్టరైన ఏజెంటే మనుషుల్ని పంపాలి, 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ తప్ప పైసా ఎక్కువ తీసుకోకూడదు. ఈ సంగతి ఎంతమందికి తెలుసు? సబ్బుబిళ్ల మీద కూడా ఎమ్మార్పీ ఉంటుంది, వీసాకి ఉండదు! పైగా పదో తరగతి పాసైనవారి పాస్‌పోర్టుకు ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరి అనే) ముద్ర ఉండదు కాబట్టి వలస అనుమతి అక్కర్లేదు. అంటే చదువుకున్నవాడిని ‘ఏ వీసా బాబూ, ఆఫర్ లెటర్ ఏదీ’ అని అడిగే నాథుడే లేడు.

ద్వారకానగర్, గాజువాకల్లో స్తంభానికో ‘గల్ఫ్ జాబ్స్’ ఫ్లెక్సీ. సెల్ నంబరు తప్ప లైసెన్సు నంబరు ఉండదు. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర తోపుడుబండ్లు తీయించడంలో ఉన్న చురుకు వీటి దగ్గర ఏమైపోతుందో! ఫిర్యాదు చేయబోతే ‘రసీదు ఉందా?’ అని అడుగుతారు. ఏ దొంగైనా రసీదు రాసిస్తాడా అండీ? మంత్రులొస్తే రాత్రికి రాత్రే రోడ్లు అద్దాల్లా తయారవుతాయి, లైసెన్సు నంబరు బోర్డు ఒకటి పెట్టించడానికి మాత్రం ఫైలు కదలదు.

ప్రతి కన్సల్టెన్సీ గుమ్మం మీద లైసెన్సు నంబరు, ఫీజు తెలుగులో రాయించాలి. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఎలా చూసుకోవాలో పాస్‌పోర్టు సేవా కేంద్రంలోనే చెప్పాలి. మీరు కూడా నంబరు లేని ప్రకటనలు వేయడం మానండి. మొన్న ఆదివారం మీ క్లాసిఫైడ్స్‌లో ‘ఇంటర్వ్యూ లేకుండా సింగపూర్‌లో ఉద్యోగాలు’ అని ఉంది.

– ఓ విశ్రాంత ఉద్యోగి, గాజువాక, విశాఖపట్నం