పగులుకు గుర్తుంటుంది

ప్రియమైన శ్రీనూ,

ఎలా ఉన్నావురా? రాయనపాడులో ఎండలు మొదలయ్యాయా? మొన్న ఫోన్లో అడిగావు కదా, విమానం రెక్క అంతలా ఊగుతుంటే ఎన్నేళ్లు నిలుస్తుందని. అది రెండు మాటల్లో తేలేది కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ఇనుప తీగను అటూ ఇటూ వంచి తెంపుతాం చూడు, అదే ఫెటీగ్. ఒక్క వంపుకు తెగదు, వంచగా వంచగా తెగుతుంది. రెక్కలో ఆ పని కంటికి కనపడని చిన్న పగులుతో మొదలవుతుంది. 1960ల మొదట్లో పాల్ పారిస్ అనే అమెరికన్ ఈ పగులు పెరుగుదలకు లెక్క కట్టాడు. పగులు కొస దగ్గర ఒత్తిడి ఎంత మేర పెరిగి తగ్గుతోందో తెలిస్తే, ఒక్కో లోడ్ సైకిల్‌కి, అంటే రెక్క మీద భారం ఒకసారి పెరిగి తగ్గినప్పుడల్లా, పగులు ఎంత పెరుగుతుందో చెప్పొచ్చన్నాడు. ఉక్కులో ఆ మేర రెట్టింపైతే వేగం సుమారు 8 రెట్లవుతుంది. అంత విలువైన పేపర్‌ను పేరున్న జర్నల్స్ తిప్పి పంపాయి, చివరికి ఒక యూనివర్సిటీ పత్రికలో అచ్చయింది. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

అయితే ఆ లెక్క లోడ్ ఒకే తీరుగా ఉన్నప్పుడు బాగా కుదురుతుంది. ఆకాశంలో అలా ఉండదు కదా! ఒకసారి మెత్తటి గాలి, ఒకసారి పెద్ద కుదుపు, ఆపైన దిగేటప్పుడు నేలదెబ్బ. ఇక్కడే నన్ను ఇన్నేళ్లుగా పట్టి ఉంచిన విషయం ఉంది. మధ్యలో ఒక్క పెద్ద లోడ్ పడిందనుకో, పగులు త్వరపడాలి కదా? కాసేపు త్వరపడుతుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. ఒక్కోసారి పూర్తిగా ఆగిపోతుంది కూడా. ఆ పెద్ద లోడ్ పగులు కొస ముందున్న లోహాన్ని శాశ్వతంగా సాగదీస్తుంది. లోడ్ తగ్గాక చుట్టుపక్కల లోహం దాన్ని నొక్కిపట్టి ఉంచుతుంది. పగులు ఆ ప్రాంతం దాటేదాకా పెరుగుదల మందగిస్తుంది. వెంటనే గట్టి వ్యతిరేక లోడ్ పడితే ఆ మేలు చాలావరకు పోతుంది.

అంటే అవే లోడ్లు, అన్నేసిసార్లు, వరస మార్చి వేస్తే ఆయుష్షు మారిపోతుంది. లోడ్ల నష్టాన్ని విడివిడిగా కూడుకుంటూ పోయే, మైనర్ అనే ఆయన పేరు మీదున్న లెక్కకు ఈ వరస పట్టదు. 1972లో వీలర్ అనే ఆయన ఇచ్చిన మోడల్‌కి పడుతుంది, కానీ అందులోని ఒక ఘాతాంకాన్ని ప్రయోగాలతో సరిపెట్టాలి, లోడ్ల తీరు మారితే అదీ మారుతుంది. అందుకే నా మొగ్గు ఎల్బర్ అనే పరిశోధకుడి వైపు. లోడ్ పూర్తిగా తగ్గకముందే పగులు ముఖాలు మూసుకుంటాయని ఆయన కొలిచి చూపించాడు. తెరుచుకుని ఉన్న మేరే లెక్కలోకి వస్తుంది. కారణం తెలిసిన మోడల్ మీద నమ్మకం వేరురా.

ఈ లెక్కలన్నీ ఎందుకంటావా? 1969 డిసెంబర్ 22న అమెరికాలో ఎఫ్-111 యుద్ధ విమానం ఎడమ రెక్క ఊడిపోయి కూలింది, అందులోని ఇద్దరూ చనిపోయారు. రెక్కను పట్టి ఉంచే ఉక్కు భాగంలో తయారీలోనే పడిన పగులు తనిఖీల్లో దొరకలేదు. ఎగిరింది నూరు గంటలు దాటి కొంచెం, ఆ లోపు అది పెరిగింది మిల్లీమీటర్ కూడా కాదు. తర్వాత ఆ విమానాలను మైనస్ 40 డిగ్రీల చలిలో పెట్టి భారీ లోడ్లతో పరీక్షించారు. చలికి ఆ ఉక్కు పెళుసవుతుంది కాబట్టి చిన్న లోపానికే విరగాలి. విరగలేదంటే మిగిలిన లోపం ఫలానా సైజుకన్నా చిన్నదే. అక్కడి నుంచి ప్రమాదకరమైన సైజుకు చేరడానికి ఎన్ని గంటలు పడుతుందో లెక్క కట్టి, ఆలోపే మళ్లీ తనిఖీ. లోపం ఉందని ముందే ఒప్పుకుని మొదలుపెట్టే ఈ పద్ధతి అంటే నాకు చాలా గౌరవం.

మీ వర్క్‌షాపుకొచ్చే రైలు వ్యాగన్ల సంగతీ ఇదే కదా. నిండు బొగ్గుతో ఒక ట్రిప్పు, ఖాళీగా ఒక ట్రిప్పు. మీ దగ్గర బోగీ ఫ్రేముల (వ్యాగన్ కింద చక్రాలుండే చట్రాల) వెల్డింగ్‌లో పగుళ్లు ఎక్కడ ఎక్కువ కనిపిస్తాయి? వాటిని ఎలా పట్టుకుంటారు, రంగు ద్రావకంతోనా, అల్ట్రాసోనిక్‌తోనా? వివరంగా రాయి. చెల్లెమ్మకు, పిల్లలకు నా ఆశీస్సులు.

నీ
రవి